ట్యాంకులో పడ్డది

డీజిల్ ట్యాంకులో ఏమేం పడతాయో చెబితే మీరు నమ్మరు. కళ్ళజోళ్ళు, చెంచాలు, తాళంచెవులు, ఒకసారి ఒక పెద్దాయన పళ్ళసెట్టు. డీజిల్ ఎంతుందో చూద్దామని వంగాడట, నోరు తెరిచాడట, అంతే. ఇనుము అయితే దారానికి అయస్కాంతం కట్టి తీస్తాను. కాకపోతే కొక్కెం తీగ. ఏం పడినా తీసేవాడని మా వీధిలో నాకు పేరు.

అది బయట పేరు. ఇంట్లో నాకు ఇంకో పేరుంది. వదినను చంపినవాడు.

మా అన్నయ్యది మంచాలూ బీరువాలూ మోసే మూసిన వ్యాన్. డ్రైవర్ సీటుకీ వెనక గదికీ మధ్య ఇనపరేకు గోడ ఉంటుంది. కిందటేడు వదిన కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, వెనక పరుపు వేసి పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరాడు. "ఓర్చుకోలేకపోతే రేకు మీద రెండుసార్లు తట్టు, నెమ్మదిగా పోనిస్తా" అన్నాడట. తట్టిందట. దారిలో బండి ఆగిపోయింది. కాసేపటికి కదిలి మళ్ళీ ఆగింది. అలా ఆగుతూ ఆగుతూ ఆసుపత్రికి చేరేసరికి వదిన తట్టడం మానేసింది.

ముందురోజే ఆ ఇంజన్‌కి పని చేసింది నేను. ఇంకేం కావాలి? "వీడు బాగుచేసిన బండే నా పెళ్ళాన్ని మింగింది" అని శవం ముందే నిలబడి అన్నాడు. అమ్మ నమ్మింది. ఏడాదిగా నేను గుమ్మం ఎక్కితే అమ్మ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటోంది. నేను పస్తుంటే మొహం చూసి కనిపెట్టే మనిషి మా వదిన. "చిన్నోడా, ముందు తిను, తర్వాత అలుగుదువు గాని" అనేది. ఆవిడని నేను చంపానట. కడుపు మండదూ?

ఆ ఏడాదీ వ్యాన్ ఎవరూ ముట్టుకోకుండా పట్టా కింద పడి ఉంది. పోయిన వారం ఒక వానరోజున, మధ్యాహ్నమే చీకటి పడినట్టున్నప్పుడు, అన్నయ్య దాన్ని ఎవరికో అమ్మేద్దామని బయటికి తీశాడు. అది ఆగింది కూడా ఎక్కడనుకున్నారు? సరిగ్గా నా మెకానిక్ షెడ్డు ముందు.

"నువ్వు ముట్టుకోకు. వేరే మనిషిని పిలుస్తా" అన్నాడు అద్దం దించి.

"పిలువు. ఈ వానలో ఎవడొస్తాడో చూద్దాం."

ఎవరూ రాలేదు. వాన ఎక్కువయ్యాక తనే దిగి, నాతోపాటు తోసి, బండిని లోపలికి చేర్చాడు. తలుపు దగ్గర స్టూలు మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

తాళం తిప్పితే ఇంజన్ చక్కగా అందుకుంది. కాసేపు తిరిగి, గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఊరుకుని మళ్ళీ తిప్పాను. మళ్ళీ అందుకుంది, మళ్ళీ ఆగింది. నాకు ఒళ్ళు వేడెక్కింది. ఇది ఇంజన్ రోగం కాదు. ట్యాంకులో ఏదో ఉంది. డీజిల్ లాగే గొట్టం మూతికి అది అంటుకుంటుంది, బండి ఆగుతుంది. ఆగగానే వదిలేస్తుంది. మింగలేక కక్కలేక అంటారే, అదన్నమాట.

"ట్యాంకు దింపుతున్నా" అన్నాను.

"ఎందుకురా?" అన్నాడు. తిరిగి చూడలేదు. గొంతు మాత్రం పలచబడింది.

డీజిల్ తొట్టిలోకి వదిలేశాను. కింద పడుకుని పట్టీలు విప్పి, ట్యాంకు దింపి బల్ల మీదికి ఎత్తాను. ఇంతలో కరెంటు పోయింది. టార్చి వెలిగించి తలకి కట్టుకున్నాను. షెడ్డంతా డీజిల్ వాసన, తడిమట్టి వాసన. వాటి కింద ఇంకోటి. జ్వరంతో పడుకున్న మనిషి గదిలో వచ్చే వాసన.

తీగ లోపలికి దించాను. గీరుకుంటూ మూల దాకా వెళ్ళింది. మెత్తగా ఏదో తగిలింది. కొక్కెం తిప్పి లాగబోయాను.

టక్. టక్.

ఖాళీ రేకు చల్లబడితే చప్పుడు చేస్తుంది. అది నాకు తెలియనిదేం కాదు. ఆగి విన్నాను. వాన తప్ప ఏం లేదు. మళ్ళీ లాగాను.

టక్. టక్.

తీగ నుంచి చేతికి తెలిసింది. లోపలి నుంచి... ఎవరో వేలి కణుపుతో కొట్టినట్టు. అన్నయ్య స్టూలు మీద నుంచి లేచాడు. అతనూ విన్నాడు.

"వదిలేయ్" అన్నాడు గుసగుసగా. "లాగకు."

వదిలేస్తానా? నా పరువు ఆ తీగ చివర వేలాడుతోంది. కాలు బల్లకి తన్నిపెట్టి లాగాను. అటువైపు బిగువు. ఇంకా లాగాను. ఒక్కసారిగా వదులై, నల్లగా, నానిపోయి, ఒక గుడ్డ బయటికి వచ్చింది.

టార్చి వెలుగులో విప్పి చూశాను. పాత దిండు గలీబు చింపిన ముక్క. పసుపు పూలు. అంచులు పీచు లేవకుండా ఎర్రదారంతో కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు నాకు తెలుసు. బండి అద్దాలు తుడుచుకోమని వదిన కుట్టిచ్చిన గుడ్డ.

అప్పుడు ట్యాంకు మూత వైపు చూశాను. కొత్తది. నేను ఇంజన్ పని చేసిన రోజున ఆ బండికి మూతే లేదు. అన్నయ్య దాన్ని ఎక్కడో పారేసుకుని, ఈ గుడ్డే కుక్కి తిరుగుతున్నాడు. మూత కొనరా బాబూ అంటే సరే సరే అన్నాడు.

"మూత ఎప్పుడు కొన్నావు?"

కొత్త మూత వైపు ఓసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"అన్నయ్యా, నిన్నే."

"శ్మశానం నుంచి వస్తూ" అన్నాడు. "దారిలో బండి ఆగినప్పుడు... దిగి చూశాను. గుడ్డ లేదు. లోపల పడిపోయిందని అప్పుడే తెలిసింది."

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. వీడు మద్దెల ఓడు అని ఊరుకోలేదు, నన్ను మద్దెల చేసి ఏడాది వాయించాడు. నాకు కొట్టాలనిపించలేదు. ఏడుపు వచ్చింది.

"అమ్మకి చెప్పకపోయావు, సరే. వదిన? దారిలో వదిన అడగలేదా, ఎందుకాగిందని?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

తల దించుకున్నాడు. "చిన్నోడు చేసిన పని అన్నాను. నిన్ను... తిట్టుకుంటూనే పోయింది."

అది నేను తట్టుకోలేకపోయాను. లోకం ఏమన్నా అననీ, ఆవిడ నన్ను తిట్టుకుంటూ పోవడమేమిటి? బల్ల దగ్గరికి వెళ్ళి ట్యాంకు మూతి మీదికి వంగాను. బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదది.

"విన్నావా వదినా?" అన్నాను. "నేను కాదు. నీ మొగుడే."

ట్యాంకులో చప్పుడు లేదు. వాన కూడా ఆగినట్టు అనిపించింది. నా ఊపిరి ఆ రేకు డొక్కలో తిరిగి నా మొహానికే తగిలింది... చల్లగా.

టక్. టక్.

ఈసారి ట్యాంకులోంచి కాదు. నా వెనక... వ్యాన్‌లోంచి. డ్రైవర్ సీటు వెనకున్న రేకు మీద.

అన్నయ్య మొహంలో నెత్తురు లేదు. అయినా బండి వైపే నడిచాడు. నిద్రలో నడిచే మనిషిలా కూడా కాదు. పెళ్ళాం పిలిస్తే వెళ్ళే మొగుడు ఎలా వెళ్తాడో అలాగే.

"తడుతోందిరా" అన్నాడు మెల్లగా. "ఓర్చుకోలేకపోతోంది."

"అన్నయ్యా, ఎక్కకు."

"నెమ్మదిగా పోనిస్తాలే."

తలుపు వేసుకున్నాడు. నేను పరుగెత్తి చేతిపిడి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది. రాలేదు. ఇంజన్ అందుకుంది. అద్దం అవతల అతని పెదవులు కదులుతున్నాయి... ఎవరికో జవాబు చెబుతున్నట్టు. బండి వెనక్కి వచ్చి, తిరిగి, వానలో కలిసిపోయింది. లైట్లు ఆసుపత్రి దారి వైపు మళ్ళాయి.

గొట్టాల్లో మిగిలిన చుక్కలతో గేటు దాకా పోవచ్చు. మహా అయితే వీధి మలుపు దాకా. అక్కడ ఆగుతుంది కదా, పట్టుకుందాం అని మలుపు దాకా పరుగెత్తాను. అక్కడ ఏమీ లేదు. తిరిగొచ్చి చూస్తే ట్యాంకు బల్ల మీదే ఉంది. తొట్టిలో డీజిల్ తొట్టిలోనే ఉంది.

మర్నాడు పొద్దున బండి దొరికింది. కిందటేడు మొదటిసారి ఆగిపోయిన చోటే, రోడ్డు పక్కన. తలుపులన్నీ లోపలి నుంచి గడియ వేసి ఉన్నాయి. ఇంజన్ తిరుగుతూనే ఉందట, తాళం తీసినా ఆగలేదట. లోపల అన్నయ్య లేడు. వెనక పరుపు మీద ఇద్దరు పడుకున్నంత తడి ఉందట.

పోలీసులు నన్ను అడిగారు, చెప్పాను. వాళ్ళలో ఒకడు నవ్వాడు. ట్యాంకు లేని బండి ఎలా పోయిందయ్యా అన్నాడు. అదే కదా నేనూ అడుగుతున్నది. చివరికి అందరూ తేల్చింది ఒక్కటే. ఆ రోజు కూడా బండికి పని చేసింది నేనేనని.

ఈ సాయంత్రం అమ్మ షెడ్డుకి వచ్చింది. ఏడాది తర్వాత మొదటిసారి నా మొహం చూసింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. గుడ్డ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. ఎర్రదారం కుట్టు వేలితో తడిమింది. నమ్మిందో లేదో తెలియదు. నేను కోరుకున్నదల్లా ఆవిడ నోటి వెంట ఒక్క మాట, 'నువ్వు కాదులేరా' అని.

ఆ మాట రాలేదు. ట్యాంకు వైపు తలతిప్పి వింటోంది.

నేను రోజూ వింటున్నాను. మొదట్లో రెండేసి దెబ్బలే. ఇప్పుడు వాటి పక్కన ఇంకోటి మొదలైంది. బరువుగా, అరచేత్తో బాదినట్టు, ఆగకుండా.

అమ్మ వెళ్ళి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత గోడకి వేలాడుతున్న కొక్కెం తీగ తనే తీసి నా చేతిలో పెట్టింది.

"ఏం పడినా తీస్తావట కదా" అంది. "వాణ్ణి తియ్యి."

అమ్మ మాట కాదనలేక తీగ దించాను. గీరుకుంటూ మూల దాకా వెళ్ళింది. బాదడం ఆగింది.

లోపల... ఎవరో తీగ పట్టుకున్నారు.

నేనింకా లాగలేదు. అటువైపు నుంచే మెల్లగా లాగుతున్నారు.