తుపానును పక్కకు జరిపినవాళ్లు

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి ఫోర్‌కాస్టర్ చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన చుక్క. ఇన్సూరెన్స్ కంపెనీలో తుపాను దారి లెక్కగట్టేది అతనే. డాక్టరు గుండెపోటని రాసి సంతకం పెట్టేశాడు.

"ఆ కుర్చీలో నువ్వు కూర్చోవాలి," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ తన ఏజెంటుతో. "ఐడీ కార్డు రెడీ. దాని చిప్‌లో వాతావరణ శాఖ అసలు డేటా ఉంది. విదేశీ ముఠా ఒకటి హార్బర్‌లో నలభై ఖాళీ గోడౌన్లకి పాలసీలు తీసుకుంటోంది. తుపాను హార్బర్ మీదికొస్తోందని స్క్రీన్ మీద కనిపిస్తే కంపెనీ కొత్త పాలసీలు ఆపేస్తుంది. అందుకని స్క్రీన్ మీద తుపాన్నే పక్కకి జరిపేశారు."

"పోతే గోడౌన్లే కదా సార్?"

"ఇళ్లు ఖాళీ చెయ్యమనే మెసేజ్ కూడా ఆ స్క్రీన్‌ని బట్టే పోతుంది. హార్బర్ పక్కన పదకొండు వందల ఇళ్లు. సైరన్ విని మూడుసార్లు ఊరికే పరిగెత్తారు పాపం, ఇప్పుడు కంపెనీ మెసేజ్ వస్తేనే కదులుతారు. నాలుగింటికి మెసేజ్‌లు. ఐదింటికి వంతెన మూసేస్తారు. కంప్యూటర్‌లో తుపాను దారులు గీసే మోడల్ డెస్క్‌లో మన మనిషి ఉంది. కోడ్ వర్డ్ గొడుగు."

ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ గుమాస్తా అంటారు. ముఖం అలాంటిది మరి. ఆ పదకొండు వందల ఇళ్లలో ఒకటి అతని అక్కది. భయపడాలని అతనికి తెలుసు. భయం రాలేదు. కొన్నేళ్లుగా అతనికి ఏదీ రావడం లేదు. కారులోంచి ఫోన్ చేశాడు.

"అక్కా, పిల్లల్ని తీసుకుని వెంటనే వంతెన దాటెయ్."

"మళ్లీ మొదలెట్టావా? నా పెళ్లికి టైఫాయిడన్నావు. అమ్మ పోతే ట్రైనింగన్నావు. నీ మాట నమ్మి పిల్లలతో రోడ్డున పడమంటావా? పెట్టెయ్ ఫోను!"

ఎలా తెలుసో చెప్పే వీల్లేదు. పెట్టేశాడు. దారి పొడవునా చనిపోయినవాడి నోట్సు చదువుకున్నాడు.

నాలుగుకు ఇరవై నిమిషాలుంది. మోడల్ డెస్క్ దగ్గర నల్లచీర, చెవులకు ముత్యాలు. ఆఫీసంతా ఫైళ్ల మీంచి ఆమెనే చూస్తోంది.

"గొడుగు తెచ్చారా?" అంది.

"విరిగిందండీ. అరువు తెచ్చాను."

ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పింది. "మీరు అనవసరంగా వచ్చారు. తుపాను నిజంగానే ఉత్తరానికి తిరిగింది. యాభై మోడళ్లూ అదే అంటున్నాయి."

గుమాస్తా చూశాడు. యాభై గీతలూ ఒకదానిమీద ఒకటి పడి ఒకే గీతగా ఉన్నాయి. నోట్సులో ఉన్నది వేరు. రాబోయే రోజుల్లోకి వెళ్లేకొద్దీ మోడళ్ల గీతలు విసనకర్రలా విచ్చుకోవాలి.

"యాభైమంది ఒకే మాట మీదున్నారా? ఏసీ ఎంత పెట్టాలో మీ ఆఫీసులో ఇద్దరు ఒప్పుకోరు మేడమ్."

ఆమె నవ్వింది. చేతిలో పెన్ను తెరుచుకుంది. లోపల సూది. "ఒక్కో గీతా విడిగా జరిపే టైమ్ లేదు. ఒకటి జరిపి మిగతావి కాపీ కొట్టాను. రెండు వైపులా పనిచేస్తే అలసట కూడా రెట్టింపే."

సూది దూసుకొచ్చింది. అతను పాలసీ ఫైలు అడ్డం పెట్టాడు. ఆరు వందల పేజీలు. ఎవరూ చదవకపోయినా ఎంత మందమో. సూది అందులో ఇరుక్కుంది. ఆమె మణికట్టును కుర్చీకి బేడీతో బిగించి, ఐడీ కార్డును మెషిన్‌లో దూర్చాడు.

"మీకు కోపం రాదా?" అడిగిందామె.

"రావడం లేదండీ."

మూడూ యాభై తొమ్మిది. అసలు డేటా తొంభై శాతం ఎక్కింది. తొంభై ఆరు. ఇంకో ఏడు సెకన్లుందనగా గీతలు విచ్చుకున్నాయి. విసనకర్ర హార్బర్ మీద పరుచుకుంది. మెసేజ్ లిస్టులో సున్నా ఉన్నచోట పదకొండు వందలు పడింది. నాలుగైంది. మెసేజ్‌లు వెళ్లిపోయాయి.

ఐదుకు పది నిమిషాల ముందు అక్క ఫోన్ చేసింది.

"వంతెన దాటేశాం. కంపెనీ మెసేజొచ్చింది, అందుకొచ్చాను. నీ మాట విని కాదు."

"మంచిదక్కా."

"ఒరేయ్, నీకు ముందే ఎలా తెలిసిందిరా? నిజం చెప్పు. అసలు నువ్వు ఏం పని చేస్తావు?"

అప్పుడు రాని భయం గుమాస్తాకు ఇప్పుడొచ్చింది. ఇన్నేళ్లకు. రూల్స్ పక్కన పెట్టేశాడు.

"గూఢచారినక్కా."

అటువైపు అక్క నిట్టూర్చింది. "చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్. వెటకారమెందుకు?"