పోయొస్త అన్న మాట

మూడు నల్ల ట్రంకు పెట్టెలు, ఒక పరుపుచుట్ట, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక పిల్ల. బదిలీ అయినప్పుడల్లా అనసూయ ఇలా వేళ్లు మడిచి చూసుకునేది. తొమ్మిదేళ్ల అరుణకు తనను సామాన్లో కలపడం అసలు నచ్చదు, మూతి ముడుచుకునేది. పెళ్లయిన పదకొండేళ్లలో ఇది ఏడో ఇల్లు మరి. లెక్క చూసుకోకపోతే ఏదో ఒకటి రైల్లోనే ఉండిపోతుంది.

ఈసారి అంబాలా నుంచి కాజీపేటలో దిగారు. అది డెబ్బై ఒకటో సంవత్సరం, బతుకమ్మ పండుగ వెళ్లిన వారం. సరిహద్దులో లడాయి తప్పదని అందరికీ తెలిసిపోయింది. పటాలం ముందుకు కదులుతోంది, కుటుంబాలు క్వార్టర్లు ఖాళీ చేసి సొంత ఊళ్లకు పోవాలన్నారు. హవల్దార్ మల్లికార్జున్‌కు పదిహేను రోజులు సెలవిచ్చారు, పెళ్లాన్నీ పిల్లనూ ఎక్కడైనా కుదిర్చి రమ్మని. తొర్రూరులో అనసూయ అన్న సారయ్య ఇల్లుంది. కానీ అరుణకు మంచి బడి ఉంటుంది, ఉత్తరాలు తొందరగా అందుతాయి, వరంగల్‌లోనే ఉంటానని అనసూయే పట్టుబట్టింది. ఆ పట్టుదలను తలుచుకుని తర్వాత ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు.

ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపల, ఒక పాత రాతిగోడల ఇల్లు దొరికింది. ముందు అరుగు, వసారా, తర్వాత నడిమి అర్ర అనే గది, వెనక వంటిల్లు, పెరట్లో బావి. నడిమి అర్రకు కిటికీ లేదు. గోడలో ఒక దీపపు గూడు మాత్రం ఉంది, మసిపట్టి నల్లగా. ఇంటి యజమానురాలు ఫాతిమా బేగం పక్కింట్లోనే కొడుకు హైదర్‌తో ఉంటుంది. పెద్దావిడ వీళ్లను ఎగాదిగా చూసి, "ఫౌజోళ్లా? అచ్ఛా. అయితే మీకే ఇస్త," అంది.

అదేమిటో అనసూయకు అర్థం కాలేదు. ఇవాళుండి రేపు పోతారని ఫౌజువాళ్లకు ఇల్లివ్వడానికి జనం వెనకాడతారు. ఈమెకెందుకు ఇంత సంబరం? పైగా తాళంచెవి చేతిలో పెట్టిందో లేదో, మాట మధ్యలోనే లేచి గమ్మున వెళ్లిపోయింది. పోయొస్త అనలేదు. తలైనా ఊపలేదు.

"ఏం మనిషో! కుక్కనన్నా చీ అని పోతరు," అంది అనసూయ.

మల్లికార్జున్‌కైతే ఆ పద్ధతి అస్సలు గిట్టదు. గడప దాటేముందు అతనికొక డ్రిల్లుంది. గడప మీద కూర్చుని లేసులు కట్టుకుంటూ "పోయొస్త" అంటాడు. లోపలి నుంచి "మంచిది, పోయి రా" అని వినపడాలి. వినపడిందా, లేస్తాడు. వినపడకపోతే సైరన్ మోగినా లేవడు. అరవై ఐదు లడాయిలో అతని దోస్తు ఒకడు పొద్దున లేచి, పోయొస్త అనకుండా "పోతాన" అనేసి వెళ్లాడట. మళ్లీ రాలేదు. అప్పటి నుంచి బీడీకట్టకు పోయినా ఇదే తంతు. తండ్రిని చూసి అరుణ కూడా బడి బూట్ల లేసులు గడప మీదే కడుతుంది. అనసూయ విసుక్కుంటూనే జవాబిచ్చేది. లోపల మాత్రం ఆమెకూ భయమే. ఈసారి ఇతను పోయేది నిజం లడాయికి.

మూడో రోజు మధ్యాహ్నం మల్లికార్జున్ బజారుకు పోయి వచ్చాడు. సంచీ దించుతూ, "గొంతేందే అట్ల బొంగురుపోయింది? సలి చేసిందా?" అన్నాడు.

"నాకేం సలి?"

"పోయొస్త అంటే మంచిది అన్నవు గదా. ముసలమ్మ లెక్క ఉండె నీ గొంతు."

"అప్పుడు నేను బావికాడ బట్టలుతుకుతాన. నువ్వెప్పుడు పోయినవో నాకు తెల్వనే తెల్వదు."

"మరి నాకు జవాబిచ్చిందెవరు, నీ సవతా?" అని నవ్వాడు.

అతను నవ్వాడు గానీ అనసూయకు నవ్వు రాలేదు. ఇంట్లో ఇంకో ఆడమనిషి గొంతు వినపడిందంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? ముందు మొగుడి మొహం చూసింది. తర్వాత బేగం ఇంటి గోడవైపు చూసింది. ఆ పెద్దావిడ దొంగచాటుగా వచ్చిపోతోందా? రెండో తాళంచెవి ఆమె దగ్గరుందా? ఆ సాయంత్రమే వెళ్లి కొత్త తాళం కొనుక్కొచ్చి వీధి తలుపుకు వేసింది.

మరునాడు అరుణ బడి నుంచి వచ్చి, "అమ్మా, రెండుసార్లెందుకంటవే? ఒకపారి అంటే సాలదా?" అంది.

"ఏం రెండుసార్లు?"

"మంచిది పోయి రా అని. ఒకపారి వంటింట్ల నుంచి, ఒకపారి నడిమి అర్రల నుంచి."

అనసూయ నడిమి అర్రలోకి నడిచింది. పట్టపగలే చీకటి. ఎవరూ లేరు. వాసన మాత్రం ఉంది... అప్పుడే ఆర్పిన ఆముదం దీపం వాసన. వాళ్ల ఇంట్లో ఆముదం చుక్క లేదు. గూట్లో చెయ్యి పెట్టి చూసింది.

రాయి వెచ్చగా ఉంది.

అదే పూట ఆ కొత్త తాళం ఊడదీసి నడిమి అర్రకు వేసింది. మూడు పెట్టెలూ ఈడ్చుకొచ్చి ఆ తలుపుకు అడ్డం పెట్టింది. ఇంకో వాకిలుంది గనుక వసారా పక్క నుంచి పెరట్లోకి పోవచ్చు. మల్లికార్జున్ చూసి, "మోర్చా కట్టినవేందే?" అన్నాడు. "ఎలుకలు," అంది. లడాయికి పోయే మనిషి చెవిలో ఈ భయం ఎందుకు వెయ్యాలి అనుకుంది.

సెలవు ఇంకా ఆరు రోజులుండగానే టెలిగ్రాం వచ్చింది. వెంటనే బయల్దేరాలి. సాయంత్రం బండి. అనసూయ రొట్టెలు కాల్చింది, కారప్పొడి కట్టింది, ఒక్కటే అనుకుంది. ఈరోజు జవాబు నేనే చెప్పాలి. ఆయన నోట్లో మాట నోట్లో ఉండగానే నా మాట చెవిన పడాలి.

ఐదింటికి వాన పట్టుకుంది. రిక్షా వాకిట్లో నిలబడింది. మల్లికార్జున్ గడప మీద కూర్చుని, తల వంచి లేసులు కడుతున్నాడు. అనసూయ అతనికి ఎదురుగా, అరుగు మీదే నిలబడింది. అతని మెడ మీద కొత్తగా గొరిగించుకున్న వెంట్రుకలు కనపడ్డాయి. అంతే. దుఃఖం ఒక్కసారిగా గొంతులోకి తన్నుకొచ్చింది.

"పోయొస్తనే," అన్నాడు, తలెత్తకుండానే.

నోరు తెరిచింది. మాట రాలేదు. ఒక్క క్షణం... ఒక్క గుటకంత ఆలస్యం.

"మంచిది. పోయి రా."

లోపలి నుంచి. పెట్టెల వెనక నుంచి. నిమ్మళంగా.

మల్లికార్జున్ లేచాడు. మొహంలో తృప్తి. వాన హోరులో ఆ గొంతు ఎటు నుంచి వచ్చిందో పట్టించుకోలేదు. అరుణ తల నిమిరి రిక్షా ఎక్కాడు.

"నేను కాదు! అయ్యో, అది నేను కాదయ్యా! మల్ల చెప్పు, నాకు చెప్పు!" వానలో అనసూయ రిక్షా వెంట పరుగెత్తింది.

"పిచ్చిదానా, రెండుసార్లు చెప్పి పోతే అచ్చిరాదే!" అని అతను చెయ్యి ఊపాడు. అతని చెయ్యి వానలో కలిసిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది.

తడిసిన బట్టలతోనే బేగం ఇంటికి పోయి తలుపు బాదింది. "ఆ అర్రల ఉన్నదెవలు? నిజం చెప్పు బేగమమ్మా!"

బేగం తిప్పుతున్న జపమాలను పక్కన పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"సమ్మమ్మ. నా షాదీ కాకముందు ఆ ఇంట్ల కిరాయికుండె. ఆమె మొగడు ఇంగ్లీషోళ్ల పెద్ద లడాయికి పోయిండు బిడ్డా. పోయేటప్పుడు పోతాన అన్నడు. పోయొస్త అన్లే. ఒస్త అనకపోయినా ఒస్తడేమోనని గూట్ల దీపం పెట్టుకోని ఆ అర్రల్నే కూసునేది. ఆడనే పోయింది."

"మరి మాకెందుకు జవాబిస్తాంది?"

"ఎవలన్న ఒస్త అంటే సాలు, తనకే చెప్పిన్రనుకుంటది. ఎవలు ఎవలికి చెప్పి పోతరో, వాళ్ల దగ్గరికే ఒస్తరు. అందుకే ఆ ఇంట్ల నుంచి పోయేటప్పుడు నేను నోరిప్ప."

"తెలిసి తెలిసి మమ్ముల ఎందుకు పెట్టినవ్?"

బేగం కళ్లు దించుకుంది. "ఇల్లు ఖాళీగుంటే మా గోడకాడికొచ్చి కూసుంటది. ఫౌజు మనిషైతే తన మొగడే అనుకోని ఆడనే ఉంటదనుకున్న. నాకు హైదర్ ఒక్కడే కొడుకు. వాడు దినాం డ్యూటీకి పోతడు... ఆతుం అమ్మీ, ఒస్త అమ్మా అని నాకు చెప్పి పోతడు."

అనసూయకు ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. ఇల్లు కూడా మారలేదు. తను పోతే, తిరిగొచ్చిన మొగుడికి ఆ ఇంట్లో సమ్మమ్మ ఒక్కతే ఉంటుంది. గడపలో నేనుండాలె, నేనే ఎదురు పోవాలె అనుకుంది. అరుణకు మాత్రం గట్టిగా చెప్పింది, ఈ ఇంట్లో నోరు మూసుకుని గడప దాటాలని. రోజూ తనే చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయేది.

డిసెంబర్లో లడాయి మొదలైంది. ఉత్తరాలు ఆగిపోయాయి.

ఒక శుక్రవారం పగలు రెండింటికి, ఎండలో అరుగు మీద కూర్చుని అనసూయ చాటలో బియ్యం ఏరుతోంది. అరుణ బడికి పోయింది. కోట రాతి దర్వాజా వైపు నుంచి ఒక మనిషి నడిచొస్తున్నాడు. ఖాకీ బట్టలు. చేతిలో సామాను లేదు. ఆ నడక...

చాట కింద పడింది.

"ఒచ్చినవా! ఒచ్చినవా అయ్యా!" ఈసారి గొంతు పూడుకుపోలేదు. ఎదురు పరుగెత్తింది. అతను ఆమె వైపు చూడలేదు. పక్క నుంచే పోయాడు. బూట్ల నిండా తడి బురద. వరంగల్‌లో వాన పడి నెల దాటింది.

"ఇటు సూడు... నేను... నేనే పిలుస్తాన..."

గడప మీద కూర్చున్నాడు. తల వంచి లేసులు విప్పుకుంటున్నాడు. మెడ మీద వెంట్రుకల్లో మన్ను.

లోపలి నుంచి గొంతు. "ఒచ్చినవా?"

"ఒచ్చిన," అన్నాడు.

లేచాడు. లోపలికి నడిచాడు. అనసూయ వెనకే ఉరికింది. వసారా ఖాళీ. పెట్టెలు పెట్టినచోటే ఉన్నాయి. తాళం వేసినట్టే ఉంది. తలుపు కింది సందులోంచి పసుప్పచ్చటి వెలుతురు... ఆముదం వాసన... ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్న చప్పుడు. ఆమె ఆ తలుపును గుద్ది గుద్ది, చేతులు వాచి, అక్కడే కూలబడింది.

తాళం తీసి చూసేసరికి చీకటి తప్ప ఏమీ లేదు.

నాలుగు రోజులకు టెలిగ్రాం వచ్చింది. అందులో అతను ప్రాణం విడిచిన తారీఖు ఆ శుక్రవారమే.

సారయ్య బండి కట్టించుకుని తొర్రూరు నుంచి వచ్చాడు, చెల్లెల్నీ మేనకోడల్నీ తీసుకుపోవడానికి. మూడు పెట్టెలు, ఒక పరుపుచుట్ట, ఒక స్టవ్వు. అనసూయ వేళ్లు మడిచింది. పిల్లేది?

అరుణ గడప మీద కూర్చుని ఉంది. తల వంచుకుని బూట్ల లేసులు కడుతోంది.

"అరుణా!" బండి దగ్గర నుంచి అనసూయ అరిచింది.

ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో అరుణ ఖాళీ ఇంట్లోకి తొంగి చూసింది. తండ్రి నేర్పిన మాటే కదా, తండ్రిని తలుచుకుని అంది. "నాయినా, పోయొస్త."

అనసూయ వచ్చి నోరు మూసేలోపే, నడిమి అర్రలో నుంచి వినపడింది. ఈసారి ఆడగొంతు కాదు.

"మంచిది బిడ్డా. జల్ది రా."

గోడ అవతల ఫాతిమా బేగం కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. అరుణ మాత్రం, అన్నాళ్లకు మొదటిసారి నవ్వింది.

తొర్రూరు చేరిన రాత్రే అనసూయ అరుణ బూట్లను ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఇంకా తియ్యని పుస్తెలతాడుకు కట్టుకుంది. మూడో రోజు తెల్లారి కళ్లాపి చల్లడానికి తలుపు తీసింది.

గడప మీద బూట్లున్నాయి. ముక్కులు వరంగల్ రోడ్డు వైపు. లేసులు విప్పి, వేసుకోవడానికి సిద్ధంగా. వాటి నిండా తడి బురద.

చెయ్యి పుస్తెలతాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. లోపల మంచం మీద అరుణ ఇంకా నిద్రలోనే ఉంది. పెదవులు కదులుతున్నాయి.

"ఒస్తాన నాయినా... ఒస్తాన..."