వాలుగట్టు

"ఏమిటే ఇది? ఎవర్నడిగి తెరిచావే దీన్ని?"

తల్లి వేసిన కేకకి, స్నానానికి వెళ్ళబోతున్న కూతురు భుజాన తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చింది. భోజనాల బల్ల మీద అట్టముక్కలతో చేసిన బుల్లి వీధి ఉంది. మలుపులో బట్టల కొట్టు, గేటు వంగిన తమ ఇల్లు, ఎదురింటి మేడ... అన్నీ అరచేతిలో ఇమిడేంత! ఆ నమూనా మొదలుపెట్టినప్పటి నుంచీ బల్ల ఖాళీ లేక ఇంటిల్లిపాదీ ఒళ్ళో కంచాలు పెట్టుకునే తింటున్నారు. పిల్ల చదువు కదా అని ఆ తల్లి కిక్కురుమనలేదు. ఈ పొద్దున దుమ్ము దులుపుదామని దగ్గరికొచ్చి చూస్తే, వీధి పొడవునా నీలం రంగు! కాలువ!

"అమ్మా, నేనే చెబుదామనుకున్నాను..."

"ఎప్పుడు? తవ్వేశాకా? నా కొడుకుని మింగిన కాలువే దొరికిందా నీ చదువుకి!"

పదిహేనేళ్ళ క్రితం ఆ కాలువ ఆమె అయిదేళ్ళ కొడుకుని పొట్టన పెట్టుకుంది. ఇంకొకామె అయితే ఏడ్చి ఊరుకునేదేమో! ఈవిడ మున్సిపాలిటీ ఆఫీసుకి కాళ్ళరిగేలా తిరిగి, కనిపించిన ప్రతి అధికారినీ నిలదీసి, ఆ కాలువ మీద ఈ చివర నుంచి ఆ చివరకు శ్లాబు వేయించింది. అది పూర్తయిన రోజే ఆమెకి మొదటిసారి కంటినిండా నిద్ర పట్టింది. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతారు. ఆమె మాత్రం దాని మీద కాలు మోపదు. కూరగాయలకైనా చుట్టూ తిరిగి వెనకవీధిలోంచే వెళ్తుంది. ఇంట్లో వాడి ఊసు ఎవరూ ఎత్తరు. వాడి ఫొటో కూడా బీరువాలో చీరల కిందే ఉంటుంది.

కూతురు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో చేరినప్పుడు, "తోటపనికి అయిదేళ్ళ చదువా?" అని చుట్టాలు నవ్వారు. "ఊరికి ఊపిరాడేలా చేసే చదువమ్మా ఇది!" అని గొప్పగా చెప్పుకున్నది ఈ తల్లే. కడుపున పుట్టిన పిల్ల తన గుండె మీదే పలుగు వేస్తుందని కలగన్నదా పాపం!

"వాన నీళ్ళకి దారి లేదమ్మా. మనం మూసిన దగ్గర్నుంచీ పల్లంలో ఉన్నవాళ్ళ వంటిళ్ళలోకి వస్తున్నాయి. పోయిన వానలకి మన గడప కూడా దాటాయిగా..."

"రానీ! ఇంట్లోకి నీళ్ళొస్తే ఎత్తిపోసుకుంటాను. పిల్లాణ్ణి ఎత్తి తెచ్చుకోగలనా?"

అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు తండ్రి. కూతురు బల్ల ముందు కూర్చుని, ఆ నీలం కాగితాన్ని గోటితో మెల్లగా పీకేసింది. దాని చోట బూడిద రంగు అట్ట అతికించి, పైన నాలుగు పూలకుండీలు పెట్టింది. తన మాటే నెగ్గిందని ఆ తల్లికి సంతోషం కలగాలి కదా? కలగలేదు! పెట్టింది తిని, అడిగినదానికి జవాబు చెప్పి పుస్తకంలో తల దూర్చే కూతుర్ని చూస్తే, పోట్లాడినా బాగుండుననిపించింది.

కాలేజీలో ఆఖరి ప్రాజెక్టులు చూపించే రోజున తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. హాలు గోడల నిండా పటాలే. తన వంతు వచ్చినప్పుడు కూతురు పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. పెద్ద మేడమ్ కళ్ళజోడు సవరించుకున్నారు.

"నువ్వు చేసిన సర్వే అంతా కాలువ తెరవాలనే చెబుతోందే! మరి నీ డిజైన్‌లో మూసే ఉంచావు. ఎందుకమ్మా?"

"ఖర్చెక్కువవుతుందని..."

"ఎంతవుతుందో లెక్క వేశావా?"

"లేదు మేడమ్. నాకు తట్టలేదు. నా తప్పే."

తట్టలేదా? రాత్రీ పగలూ దానికోసమే కళ్ళు ఎర్రబడేలా పనిచేసిన పిల్ల... తల్లి పరువు కాపాడ్డానికి అందరి ముందూ తెలివితక్కువదైపోతోంది! ఆమె ఇక కూర్చోలేకపోయింది.

"దాని తప్పు కాదండీ! కాలువ తెరవొద్దన్నది నేను. నా పిల్లాడు అందులో పోయాడు!"

ఆమె ఎవరినీ చూడలేదు, కూతుర్నే చూసింది.

"చెప్పవే... తెరిస్తే, మళ్ళీ ఏ తల్లి బిడ్డో పడితే ఏం చేస్తావు?"

"లేచి నడిచి బయటికొస్తాడమ్మా. అప్పుడు గోడలు నిలువుగా ఉండేవి. తమ్ముడికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. నేను బోర్లా పడుకుని చెయ్యి చాపాను... అందలేదమ్మా! అందుకే గట్టుని వాలుగా కిందికి దింపాను. అంచున వాడి మోకాలి లోతే ఉంటుంది. వరదొస్తే ఉరవడి తగ్గడానికి ఎగువన చెరువు పెట్టాను. ఈ కోర్సులో చేరిన రోజు నుంచీ నేను గీస్తున్నది ఆ గట్టేనమ్మా..."

ఆ తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఈ పిల్ల గౌను ముందువైపంతా మట్టే! ఎవరో విప్పి వేరే గౌను తొడిగారు. అంత మట్టి ఎలా అయిందని తను ఇన్నేళ్ళలో ఒక్కసారి... ఒక్కసారైనా అడిగిందా? పోయినవాడి కోసం ఊరంతా తిరిగింది. ఉన్నదాన్ని దగ్గరికి తీసుకుని, "నువ్వేం చూశావు తల్లీ?" అనలేదు! అందరి ముందే వెళ్ళి కూతుర్ని గుండెలకి హత్తుకుంది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మొదట అనుకున్న డిజైనే చేసి తీసుకురా. గడువు ఇస్తాను," అన్నారు.

ఆదివారం పొద్దున కూతురు శ్లాబు మీద వంగి, గట్టు ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీస్తోంది. తల్లి అంచున కాసేపు తటపటాయించి, ఆఖరికి కాలు పెట్టింది.

"కాలువకి అంత దగ్గరగా గీస్తే ఏటవాలు ఎక్కువైపోదూ? ఇంకా ఇటు జరుపు."

జరిపితే గీత ఎదురింటాయన కారు కిందికి పోయింది. ఆయన పళ్ళు తోముకుంటూనే బయటికొచ్చాడు.

"ఏమండీ, ఈ కాలువ పట్టుబట్టి మూయించింది మీరే కదా?"

"నేనే బాబూ. తెరిపించమని అడగబోయేదీ నేనే. మున్సిపాలిటీ దారి నాకు కొత్త కాదుగా!"

"ఇప్పుడెందుకండీ మళ్ళీ?"

ఆమె కారు పక్కన నేల మీద చతికిలపడి, శ్లాబుని అరచేత్తో నిమిరింది.

"మా వాడికి నీళ్ళంటే ప్రాణం. సరిగ్గా ఇక్కడే కూర్చుని సబ్బుపెట్టె మూతని పడవ చేసి వదిలేవాడు."

కూతురి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. తమ్ముడి గురించి అమ్మ నోట ఇలాంటి మాట వినడం ఇదే మొదటిసారి.

"అది కొట్టుకుపోకుండా నా జడ రిబ్బను కట్టి పట్టుకునేవాడమ్మా," అంది మెల్లగా.

"ఓసి! రిబ్బన్లన్నీ పారేస్తున్నావని నిన్ను తిట్టేదాన్ని కదే!"

ఆమె నవ్వింది. కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి జారుతున్నా నవ్వుతూనే ఉంది. కూతురు వచ్చి పక్కనే కూర్చుంది. "ఇంకా ఏం చేసేవాడే? చెప్పు..." అంది తల్లి.

ఎదురింటాయన కారు పక్కకి తీయడానికి తాళాలు తెచ్చుకుందామని ఇంట్లోకి వెళ్ళాడు.