ఉత్త రోలు

శనివారం సాయంత్రం ఐదూ నలభైకి వంటగది గోడ ఆరిందేమోనని అరచేత్తో తడిమి చూశాను. ఇంకా చల్లగానే ఉంది. బ్రూస్‌పేటలోని మా ఇంటి వంటగదిని నా భార్య నాగవేణి కోరినట్టే మార్పిస్తున్నాను. క్యాలెండర్ వెనక ఆమె రాసుకున్నది నాలుగే ముక్కలు: బెల్లమూ కరక్కాయ నీళ్లూ కలిపిన సున్నం గోడలు, మెరుగు పెట్టని నల్లరాతి గట్టు, అవిసె నూనె పట్టించిన టేకు అలమర, పాత రుబ్బురోలు. ఆమె పోయి ఎనిమిది నెలలు. ఆ గదిలో ఒక్కసారి ఆమె అలికిడి వినాలన్నదే నాకు మిగిలిన కోరిక.

మేస్త్రీ కొట్రేశ్ రోలును మూలకు దించి నడుం పట్టుకున్నాడు.

"యాడ దొరికిందప్పా ఇది?" అన్నాను.

"తెక్కలకోటలో ఇల్లు పడగొడ్తాంటే తెచ్చినా సార్. గట్టు రాయి అందరూ నున్నగా కావల్లంటారు. మీరొక్కరే గరుకు అడిగేది." నవ్వాడు. "ఒకటే మాట. ఉత్త రోలు తిప్పొద్దండి."

"తిప్పితే?"

"రుబ్బేవాళ్లను పిలిచినట్ల."

అతను వెళ్లిపోయాడు. కాసేపటికి కరెంటు పోయింది. తడి సున్నం వాసన, దాని మీద నూనె వాసన. వీధిలో ఆటోలు తిరుగుతూనే ఉన్నాయి. రోలు ముందు కూర్చుని, పొత్రాన్ని మూడు చుట్లు తిప్పాను. ఏమీ జరగలేదు. హాల్లోకి వచ్చి కూర్చున్నాను.

అప్పుడు మొదలైంది.

రాయి మీద రాయి... మెల్లగా. నానిన మినప్పప్పు వాసన. ఇంట్లో పప్పు లేదు.

"వేణీ," అన్నాను.

చప్పుడు ఆగింది. గడప దగ్గర చీకటి కొంచెం చిక్కబడింది.

"ఉండల్లా... పోవల్లా అప్పా?" అక్కడినుంచి ఆడగొంతు.

నాగవేణి వాళ్లది కోస్తా నుంచి వచ్చి ఇక్కడి కాలువ కింద సాగుకు స్థిరపడిన కుటుంబం. ఇరవై రెండేళ్లలో ఆమె నన్ను 'ఏవండీ' అనే పిలిచింది. 'అప్పా' అని ఒక్కసారీ అనలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టాకే అన్నాను.

"ఉండు."

బుధవారం అలమరకు మళ్లీ నూనె పట్టించడానికి వచ్చిన కొట్రేశ్, రోట్లో వేలు పెట్టి తీశాడు. వేలికి తడి పిండి.

"ఇంటికి ఎవరన్నా వచ్చినారా సార్?"

తెక్కలకోటలో ఆ రోట్లో ఎవరు రుబ్బేవారని అడిగాను. బసవ్వ అనే కూలిమనిషట. ఇల్లూ వాకిలీ లేనిదట. రోజూ పిండి రుబ్బి, చీకటిపడే వేళ వంటింటి గడప దగ్గర నిలబడి ఆ ఇంటి యజమానిని ఒకే మాట అడిగేదట. ముప్పై ఏళ్లు అడిగిందట. చనిపోయేదాకా ఆమెను ఉండమన్నవాళ్లు ఎవరూ లేరట.