మారెమ్మ గుండె చప్పుడు

పరీక్ష పెట్టేవాడి విసుగు రాసేవాళ్లకేం తెలుసు! డాక్టర్లు కాబోయే పిల్లలు రోగిని సరిగ్గా చూస్తాండారా లేదా అని మార్కులేసేదానికి ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయినా. ఏటా ఈ పరీక్షకు మహానంది అవతల గూడెం నుంచి మారెమ్మను పిలిపిస్తాం. ఆమె గుండెలో బుసబుసమనే చప్పుడు, మేం మర్మర్ అంటాం, అంత స్పష్టం. పిల్లలు మహా ముదుర్లు. ఆమెకు అరటిపండ్లిచ్చి రోగం పేరు ఆమె నోటితోనే చెప్పించుకుంటారు. ఎన్ని తిట్టినా దున్నపోతు మీద వానే.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి కరెంటు పోయింది. వార్డంతా ఫినాయిల్ వాసన, దాని కింద తడిమట్టి వాసన. వచ్చినోళ్లంతా ఒకటే పాట: "మర్మర్ ఉంది సార్." నాకు ఒళ్లు మండిపోయింది.

చివర్లో అనిత వచ్చింది. రెండుసార్లు తప్పిన పిల్ల. ఈసారీ పోతే చదువు మాన్పిస్తానన్నాడంట వాళ్ల నాయన. చాలాసేపు విని, పాలిపోయిన మొహంతో గొణిగింది.

"సార్... ఏం వినపడ్లా. గుండె కొట్టుకోడంలే."

"మనిషి పండు తింటాంటే గుండె కొట్టుకోడంలే అంటావా? చెవులు యాడ పెట్టినావ్?"

కోపంగా నేనే స్టెతస్కోపు పెట్టినా.

ఏమీ లేదు.

పక్కకు జరిపినా... ఊపిరి కూడా లేదు. మారెమ్మ రెప్ప వేయకుండా నన్నే చూస్తాంది.

నాతోపాటు మార్కులేసే యెషయా సార్‌ను పిలిచినా. ఆయన విని, "ఎంత బాగా వినపడ్తాందప్పా మర్మర్! నీకేమైంది?" అన్నాడు.

ఇప్పుడు అనితను పాస్ చేస్తే నన్ను పిచ్చోడంటారు. "ఫెయిల్. పో పాపా" అన్నా. ఛీ, ఏం బతుకు నాది! ఆ పిల్ల స్టెతస్కోపు మెళ్లో వేసుకుని బయటికి పోయింది.

మారెమ్మ మంచులాంటి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పింది ఆ పాపొక్కతే. దాన్నీ తరిమేస్తివే అప్పా..."

చెయ్యి వదిలింది. చలి వదల్లేదు. మోచేయి... భుజం... ఎదలోకి దిగింది.

పరుగున పోయి మెట్ల దగ్గర ఏడుస్తాండే అనితను ఆపినా. "నా గుండె చూడు పాపా. ఉన్నదున్నట్టు చెప్పు."

ఎడమపక్క పెట్టింది. కుడిపక్క పెట్టింది. మణికట్టు పట్టుకుని చూసింది. ఆమె మొహం మళ్లా పాలిపోయింది.

"బాగుంది సార్" అనింది. "బాగా కొట్టుకుంటాంది."

స్టెతస్కోపు నా చేతిలో పడేసి, వెనక్కి చూడకుండా మెట్లు దిగి పరుగెత్తింది.