మిగిలిన గాలి

మాచర్ల అవతల మూతపడ్డ సున్నపురాయి క్వారీలో తొంభై అడుగుల నీళ్లున్నాయి. అడుగున పడిపోయిన మోటారుకి తాడు కట్టి రావాలి. ఆ పనికి ప్రవీణ్ కుమార్ వచ్చాడు. గోవాలో సిలిండరుతో మునిగే స్కూబా విద్య నేర్చి సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. ఆ సర్టిఫికెట్ సంగతి టీకొట్టు ముందు పడుకునే కుక్కకి కూడా తెలుసు.

తోడు సాదిక్. ఊపిరి బిగబట్టి బావుల్లో మునిగి మోటార్లు తీసే మెకానిక్. పొద్దున మొదటిసారి సిలిండరుతో దిగి, అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి, ఆపైన గబగబా పీల్చి, పావుగంటలో గాలంతా ఖాళీ చేసుకుని ఉత్త చేతుల్తో తేలాడు.

"గాలి పీల్చావా, గేదె కుడితి తాగినట్టు తాగావా?" ప్రవీణ్ ఈసడించాడు. "బిగబట్టగూడదు. నిదానంగా పీల్చు, ఇంకా నిదానంగా వదులు. కాళ్లు ఊరికే ఆడించమాక. ఇదే సిలిండరు నాకైతే ముప్పావుగంట వస్తది. ఇంకా మిగుల్తది కూడా. కావాల్సినోణ్ణొచ్చి పీల్చుకోమను!"

సాదిక్ మొహం పాలిపోయింది. "నీళ్ల దగ్గర ఆ మాట అనమాకన్నా. కింద ఊపిరాడక పోయినోళ్లుంటారు. బావుల్లో దిగేవోళ్లం ఎవ్వరం అనం."

ప్రవీణ్ పకపకా నవ్వి దూకాడు.

ముప్పై అడుగుల కింద వెలుతురు పచ్చబడింది. అరవై దగ్గర అదీ పోయింది. తన నిదానమైన శ్వాస చూసి తనకే ముచ్చటేసింది. గాలెంత మిగిలిందో చూపే గేజీ మీద లైటు వేశాడు. సగం!

పది నిమిషాలు కూడా కాలేదు. పైకి పోవచ్చు. కానీ ఆ బావుల వాడి కంటే ముందే తేలడమా? ఛీ! ఇంకా నెమ్మదిగా పీల్చాడు. ముల్లు ఇంకా దిగింది.

అప్పుడు వినబడింది... తను వదిలినప్పుడల్లా ఎవరో పీలుస్తున్నారు.

నడుము దగ్గర, ఆపదలో తోటివాడికిచ్చే పసుప్పచ్చ గొట్టం వేలాడుతోంది. దాని చివర్నుంచి బుడగలు. ఒకటి... రెండు... ఆగి, మళ్లీ.

లీకు. లీకే! పట్టుకుని లాగాడు.

అవతల్నుంచి... లాగారు.

మోటారు లేదు, తాడు లేదు. కాళ్లు చేతులు కొట్టుకుంటూ పైకి లేచాడు. గాలి అయిపోయింది. సాదిక్ దూకి, జుట్టు పట్టి ఒడ్డుకి ఈడ్చి, సిలిండరు విప్పి అవతల పారేశాడు.

మిట్టమధ్యాహ్నం. ఎండ. ఆ పీల్చే చప్పుడు ఇంకా ఉందేమోనని ప్రవీణ్ ముక్కూ నోరూ చేత్తో మూసుకుని విన్నాడు. ఏమీ లేదు. పీడ వదిలింది. ఈ చదువులేని వెధవ మాటలకి తనలాంటివాడు జడుసుకోవడమా!

సాదిక్ రెండడుగులు వెనక్కి జరిగాడు.

"అన్నా..." గొంతు తగ్గించి అడిగాడు. "ముక్కూ నోరూ మూసుకునే ఉన్నావు గదా. మరి నీ రొమ్మెందుకు లేచి పడతంది?"