తీసేసిన డ్యూటీ

ఒమాన్‌లో ఖురం అనే పేటలో, మూడో అంతస్తులో మా ఆఫీసు. మధ్యాహ్నం రెండింటికి అందరూ భోజనాలకు వెళ్లిపోతే ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. దెయ్యాలకు చీకటి కావాలనేవాళ్లు ఒమాన్‌లో ఆగస్టు ఎండ చూసి ఉండరు. ఆ వేళకి కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద పురుగు కూడా కనపడదు.

నా పేరు తన్మయి. మాది కాకినాడ. భవనాలు కట్టే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. మా దగ్గర ప్రతి డ్యూటీ క్యాలెండర్‌లో ఒక ఈవెంట్. ఫోర్‌మన్ దాన్ని పెడతాడు, కూలీ తన ఫోన్‌లో జవాబు నొక్కుతాడు. జవాబులు మూడే: వస్తాను, రాను, చెప్పలేను. ఇది నేర్పడానికి సమాయిల్ సైట్ దగ్గర కూలీలుండే క్యాంపుకు వెళ్లింది నేనే. అక్కడ ఇస్తారి అని జగిత్యాల వైపు మనిషి, మా నాన్న వయసు, ఫోన్ నా ముందు పెట్టి అడిగాడు.

"ఇది నొక్కితె నేనొచ్చినట్టేనా, మేడం?"

"వచ్చినట్టే పెద్దాయనా. ఇక ఎవరూ కాదనలేరు," అన్నాను, పెద్ద గొప్పగా.

జూలై ఇరవై ఒకటిన ఆయన ఆ సమాయిల్ సైట్‌లోనే ఎండదెబ్బకు చనిపోయాడు. వేసవిలో పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదు, ఇక్కడ అది చట్టం. ఆ రోజు ఆయనకు డ్యూటీయే లేదు, తనంతట తానే సైట్‌కు వెళ్లాడు అంటుంది కంపెనీ. ఆ మాట నిలిస్తే ఆయన చావుకు జవాబు చెప్పేవాళ్లే ఉండరు. ఊళ్లో ఆయన భార్య శాంతవ్వ ఒప్పుకోలేదు, ఫిర్యాదు పెట్టించింది. ఇక్కడి కార్మిక శాఖ అధికారులు క్యాలెండర్ రికార్డు అడిగారు. ఆగస్టులో ఒక రోజు, మధ్యాహ్నం మూడున్నరలోగా పంపాలి.

ఆ రోజు రెండింటికి మా మేనేజర్ శ్రీరామచంద్రమూర్తి గారు వచ్చి, "ఇస్తారి పేరుతో ఓసారి వెతుకమ్మా. ఏమీ లేదని వస్తుంది. అదే పంపించెయ్," అని తన గదిలోకి వెళ్లారు.

పేరు, తేదీ ఇచ్చి వెతికాను. సున్నా ఫలితాలు.

అప్పుడు గుర్తొచ్చింది. జూలై ఇరవై రెండున మూర్తిగారు, "నిన్న మధ్యాహ్నం ఈవెంట్లు పొరపాటున ఎక్కాయి, తీసెయ్" అని మెయిల్ పెడితే, ప్రోగ్రాం రాసి అన్నీ తీసేసింది నేనే. ఎవరివో కూడా చూడలేదు.

అయితే మూర్తిగారికి తెలియనిది ఒకటుంది. క్యాలెండర్‌లో తీసేసినవి వెంటనే పోవు. కొన్నాళ్లు కనపడకుండా ఉంటాయి. తీసేసినవీ చూపించమని విడిగా అడిగితే బయటికొస్తాయి.

అడిగాను.

ఒకటి వచ్చింది. జూలై 21, పన్నెండున్నర నుంచి మూడున్నర. చోటు: సమాయిల్ సైట్. ఇస్తారి: వస్తాను. తీసేసినవారు: తన్మయి.

నీళ్ల సీసా అందుకున్నాను. ఇప్పుడే నింపి తెచ్చుకున్నాను, మూతైనా తీయలేదు. సగమే ఉంది.

రికార్డు దాచుకుందామని మళ్లీ వెతికాను. ఈసారి రెండు వచ్చాయి. రెండోది జూలైది కాదు, ఇవాళ్టిదే. రెండు పది. చోటు: సీబ్, సమాయిల్ నుంచి మా ఆఫీసుకొచ్చే దారి. ఇస్తారి: వస్తాను.

ఎవరో నాతో ఆటలాడుతున్నారనుకున్నాను. పెట్టినవారి పేరు దగ్గర ఖాళీ. ఇంకోసారి వెతికాను. మూడు. రెండు ఇరవై. చోటు: ఖురం. సీసాలో గుక్కెడు నీళ్లు మిగిలాయి.

ఏసీ ఆగిపోయింది. తడి సిమెంటు వాసన... దాని వెనకే చెమట వాసన. వీపు మీద ఎండ కొడుతోంది. నా వెనక కిటికీ లేదు. గోడే.

నాలుగోసారి నేను నొక్కలేదు. అదే వెతుక్కుంది.

చోటు: మూడో అంతస్తు.

చెవి దగ్గర పొడిగా ఊపిరి...

"నేను నొక్కిన గద, మేడం..."

కదల్లేకపోయాను.

"నువ్వు తీసేస్తె... నేను రానట్టేనా?"

భయపడ్డాను. అబద్ధమెందుకు, ప్రాణం పోయినంత పనైంది. కానీ ఆ భయం కింద నుంచి కోపం తన్నుకొచ్చింది. ఆయన మీద కాదు. చూడకుండా తీసేసిన నా చేతుల మీద.

"వచ్చారు పెద్దాయనా," అన్నాను. "వచ్చినట్టే."

గది తలుపు తెరుచుకుంది. మూర్తిగారు. నా తెర చూసి ముఖం పాలిపోయింది.

"అది తీసెయ్," గుసగుసగా అన్నారు. "తీసేసింది నువ్వే అని నీ పేరే ఉంది. ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. ఆలోచించుకో."

"నా పేరుతోనే పంపుతున్నాను సార్. తీసెయ్యమన్న మీ మెయిల్ కూడా."

ఆయన తన ఫోన్ నా బల్ల మీద పడేసి మౌస్ లాక్కోబోయారు. కెవ్వుమని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అరచేతిలో బొబ్బ, ఎండలో కాగిన ఇనుప చువ్వ పట్టుకున్నట్టు. నేను అదే మౌస్ పట్టుకున్నాను. చల్లగా ఉంది. పంపాను. రెండు నలభై, గడువులోపే.

ఏసీ మళ్లీ మోగింది. మూర్తిగారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. నేను వెళ్లి సీసా నింపి తెచ్చాను. మూత తీసి, నా వెనక గోడ దగ్గరున్న ఖాళీ కుర్చీ ముందు పెట్టాను. "తాగండి," అన్నాను.

చివరిసారి వెతికాను. కొత్తది ఒకటుంది. రేపు, పన్నెండున్నర నుంచి మూడున్నర. సమాయిల్ సైట్. శ్రీరామచంద్రమూర్తి: వస్తాను.

ఆయన ఫోన్ నా బల్ల మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

కింద నా పేరు. జవాబు ఇంకా ఇవ్వలేదు.

అప్పుడు తీసేసిన వేలితోనే నొక్కాను. వస్తాను. ఎండలోకే కదా, ఆయన నిలబడ్డ చోట నేనూ మూడు గంటలు నిలబడతాను. ఎవరడ్డొస్తారో చూస్తాను.

నొక్కగానే నా పేరు కింద ఇంకో పేరు చేరింది. మా క్యాలెండర్‌లో జవాబులు మూడే. నాలుగోది నేను రాయలేదు, ఎవరూ రాయలేదు.

ఇస్తారి: ఎదురుచూస్తున్న.